కడ్డీ ఎత్తు

హయత్‌నగర్‌లో నాతోపాటు కండక్టరుగా పనిచేసిన ఒకాయన తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఉండేది మూడో అంతస్తు. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుంటూ దించుతుంటే చూశాను. మెట్ల మలుపులో ఎవరు ముందు నడవాలో తేలక ఆ నలుగురూ తగువు పెట్టుకున్నారు. ఆయన కుర్చీలో కూర్చునే ఇరుపక్షాల వాదనా విన్నాడు.

ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి వచ్చేదాకా నాకు అదే ఫికర్. మేముండేదీ పైనే. ఇరవై రెండు మెట్లు. కింద వెల్డింగు షాపుకు అద్దెకిచ్చిన గదిని ఖాళీ చేయించి, మాకు కాళ్లు ఆడని రోజుల కోసం ఇప్పుడే బాగు చేయిద్దామని నా భార్యతో అన్నాను.

"అరవై రెండేండ్లకే మంచంల పడ్తవా?" అంది.

"పడ్డంక పిలుస్తమా మేస్త్రీని?"

టికెట్టు తీసుకోకుండా నిద్రపోయేవాళ్లను లేపి మరీ తిట్టిన ఉద్యోగం నాది. నా వంతు వచ్చేసరికి నేను నిద్రపోతానా? చక్రాల కుర్చీ పట్టేలా గుమ్మం వెడల్పు చేయించాను. గడప తీయించాను. పిల్లల మీద పడకుండా జీతానికి ఒక మనిషిని పెట్టుకోవాలనుకున్నాం కాబట్టి, ఆ మనిషికీ ఒక మంచం పట్టాలని నా భార్య పట్టుబట్టింది. వాడకట్టులో ఒక్కొక్కరే వచ్చి "ఎవరికి బాగలేదన్నా?" అని అడిగారు. అందరం బాగానే ఉన్నామంటే ఇంకా జాలిగా చూశారు. వారం తిరక్కుండా నాకు పక్షవాతం వచ్చిందని మన్నెగూడ దాకా తెలిసిపోయింది.

మన్నెగూడలో మా తమ్ముడుంటాడు. మా అమ్మ పదిహేను రోజులు వాడి దగ్గర, పదిహేను రోజులు మా దగ్గర. భూమి పంచుకున్ననాడు పెద్దమనుషుల ముందు అయిన ఒప్పందం అది. మా దిక్కు కొడుకులు తల్లిని ఇట్లా వంతులు వేసుకోవడం మామూలే. మా వంతులో అమ్మ గోడ పట్టుకుని మెట్టుమెట్టుకూ ఆగుతూ పైకి వచ్చేది. సున్నం మీద చేతి మరకలు పడుతున్నాయని నేనే రెండుసార్లు కసిరాను.

చివరి పని బాత్రూంలో కమోడ్ పక్కన పట్టుకుని లేవడానికి స్టీలు కడ్డీ బిగించడం. ఎంత ఎత్తులో పెడతావని మేస్త్రీని అడిగాను.

"కొలత నాకేం తెల్సన్నా? ముసలి మనిషిని కూసోబెట్టి లేపాలె. చెయ్యి ఏడికొస్తే గాడ. ఇంట్ల మా ముసలి అమ్మీకి గట్లనే పెట్టిన."

అమ్మను పైనుంచి పిలిచాను. దిగి రావడానికి చాలాసేపు పట్టింది. మేస్త్రీ ఆమెను మూత మీద కూర్చోబెట్టి, లేపి, మళ్లీ కూర్చోబెట్టి పెన్సిలుతో గోడ మీద గీత గీశాడు.

"జర కిందికి పెట్టు బిడ్డా, చెయ్యి గుంజుతుంది," అంది అమ్మ. అతను ఇంకో గీత గీసి అక్కడ బిగించాడు. అమ్మ కడ్డీ పట్టుకుని లేచి నిలబడింది. "అరె, నేనే లేస్తున్న గదా!" అని మళ్లీ కూర్చుని మళ్లీ లేచింది. "ఎవరికిర గిది?"

"మాకేనమ్మా. ముందు ముందు పనికొస్తదని."

"మంచిది," అంది.

అంతలో తమ్ముడి కారు వచ్చింది. మా వంతు అయిపోయిన రోజు అది. నా భార్య సంచి తెచ్చి కార్లో పెట్టింది, అమ్మ ఎక్కి కూర్చుంది. మేస్త్రీ చేతులు కడుక్కుంటూ నన్ను కిందినుంచి మీదిదాకా చూశాడు. "అన్నా, గిది అమ్మకు సరిగ్గ ఉన్నది. నీ ఎత్తుకు తక్కువైతది. మార్చాల్నా?"

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్ల తర్వాత నాకు రాబోయే కాళ్లనొప్పులకు గది కట్టాను. కళ్ల ముందు కాళ్లీడ్చుకుంటున్న తల్లిని లెక్కలోకే తీసుకోలేదు.

కారు దగ్గరికి పోయి, "ఇగ అమ్మ ఈడ్నే ఉంటది," అన్నాను.

తమ్ముడికి కోపం వచ్చింది. "నా వంతుల నువ్వెట్ల ఉంచుకుంటవన్నా? చిన్నోడు బువ్వ పెడ్తలేడని నలుగురు అనాల్నా?"

అమ్మ వాణ్ణి పట్టించుకోలేదు. "గా రూము నాకని కట్టినవా?" అని నన్ను అడిగింది.

"అవ్."

"అబద్ధాలాడకు. నాకైతే మొదాలే కొలుద్దురు."

"నువ్వు నాకు యాదికే రాలేదమ్మా," అన్నాను.

అమ్మ ఒక కాలు కారులోంచి కింద పెట్టింది.

"సంచి దించుర," అంది తమ్ముడితో. నా వైపు తిరిగి, "ముందుగాల నేనుంట. నేను పోయినంక మీరుందురు," అంది.