గోదావరిలో జాడించిన కట్టుగుడ్డలు

పన్నెండో ఏట భర్త పోయిన నాకు చుట్టాలంతా కలిసి ఒక ఉద్యోగం ఇచ్చారు. కోనసీమలో మావాళ్ళెవరు మంచం పట్టినా కాలవ పడవలో నాకు కబురు వచ్చేది. వెళ్ళి ఒళ్ళు తుడిచి, జావ పట్టి, పక్కగుడ్డలు ఉతికేదాన్ని. ఒంటిపూట భోజనం, "నీ చెయ్యి మంచిదే అమ్మా" అన్న మాట, ఇవే నా జీతం. పెళ్ళిళ్ళప్పుడు మాత్రం పాపం ఎవరికీ నేను గుర్తొచ్చేదాన్ని కాదు.

పదహారేళ్ళు అలాగే గడిచాయి. మూడేళ్ళు మంచంలో ఉన్న మేనత్త పోయింది. ఆవిడ పదోరోజు కాకుండానే ఇంకో ఇంటివారి పడవ రేవులో నిలబడింది. రోగం వాళ్ళకెంత తొందరగా వచ్చిందో! ఆ పడవ నేనెక్కలేదు. రాజమండ్రిలో ఆడవాళ్ళ ఆసుపత్రి నడుపుతున్న దొరసాని డాక్టరు దగ్గరికి పోయి, రోగుల పని చేస్తానన్నాను. నెల రోజులు చూసి ఉంచుకుంటానంది.

మా అన్నయ్య మనిషి చేత చెప్పించాడు: "అన్ని కులాల పుళ్ళూ ముట్టుకున్న చేతులతో మా గడప తొక్కొద్దు." ఒక ఎండాకాలమంతా ఆయన విరేచనాలు ఎత్తినవీ ఈ చేతులే. అది ఆయనకు గుర్తు లేదు. ఇక ఆసుపత్రివారు కూడా పొమ్మంటే నాకు తలదాచుకోను చోటు లేదు.

ఆసుపత్రిలో కట్టుగుడ్డలు ఉడకబెట్టి మూత డబ్బాలో పెట్టేది ఊరి చివరి పేట మనిషి. ఆవిడ నీడ పడితే మావాళ్ళు నెత్తిన నీళ్ళు పోసుకుంటారు. ఆవిడ ముట్టిన మైలగుడ్డ రోగికి కట్టడమా? నాకు ప్రాణం ఒప్పలేదు. రోజూ తెల్లవారి స్నానానికి పోయేటప్పుడు ఆ గుడ్డలు కొంగుచాటున పట్టుకుపోయి, గోదావరిలో మూడుసార్లు జాడించి, ఎవరూ ముట్టకుండా ఆరేసి, మళ్ళీ డబ్బాలో పెట్టేదాన్ని. అది ఆషాఢమాసం. నదికి ఎర్రనీరు తగిలింది, ఎగువ ఊళ్ళ బురదంతా అందులోనే. గుడ్డలు కాస్త ఎరుపెక్కితే, పుణ్యం బాగా పట్టిందనుకున్నాను.

నాలుగోనాడు, కత్తిపీట పడి పాదం తెగిన చేపలావిడ మూలుగుతూ అంది: "మీరు కట్టు మార్సిన కాణ్ణుంచీ సలుపెక్కువైందండమ్మగారూ." విప్పితే చీము.

దొరసాని డబ్బాలోని గుడ్డ తీసి వెలుతురులో చూసింది. "దీన్ని కడిగింది ఎవరు?" అంది. అందరి కళ్ళూ పేట మనిషి మీదికే పోయాయి. ఆవిడ అలవాటుగా తల దించుకుంది. నేను నోరు మూసుకుంటే చాలు, నా నెల గడిచిపోతుంది, నా అన్నం నాకుంటుంది. నిజం చెప్పాలంటే కాసేపు మూసుకున్నాను కూడా.

"నేనేనండి. మడి చేశాను," అన్నాను చివరికి.

"మడి అంటే ఏమి?"

చెప్పడం మొదలుపెట్టాను. సగందాకా వచ్చేసరికి చేపలావిడ పాదం కనబడింది. ఈసారి తల దించుకున్నది నేను.

దొరసాని నన్ను పొమ్మనలేదు. పేట మనిషిని చూపించి, "నీవు ఈమె వద్ద నేర్చుకో. ఈమె సరే అన్నప్పుడే గుడ్డ ముట్టుకో," అంది. పొమ్మన్నా ఇంత బాధపడేదాన్ని కాదు.

చేపలావిడ పుండు మానడానికి నెల పట్టింది. అంతవరకూ నాకు నిద్ర లేదు.

నా పాఠం మాత్రం మర్నాడే మొదలైంది. సబ్బుతో చేతులు కడుక్కుని డబ్బా కోసం చాపాను. పేట మనిషి అలవాటు ప్రకారం నాకు నాలుగు బారల దూరంలోనే నిలబడి, మెడ చాచి నా చేతులకేసి చూసింది. నీ చెయ్యి మంచిదన్నవాళ్ళలో ఒక్కరూ ఈ చేతుల్ని అలా చూడలేదు.

"ఇంకోపాలి కడుక్కోండమ్మగారూ," అంది భయంభయంగా. "గోళ్ళ సందున మట్టుందండి."

మళ్ళీ కడుక్కున్నాను.