మూడు గదుల ప్లేటు, మూడొందల గజాలు

పాసయ్యాను! థీసిస్ డిఫెన్స్ పాసయ్యాను! ముగ్గురు ప్రొఫెసర్లూ సంతకాలు పెట్టేశారు. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే, ఇప్పుడు ఎమ్మెస్ కూడా. అందరికీ చెబుదామంటే ఫోన్ చచ్చి ఊరుకుంది. లైబ్రరీలో చార్జింగ్ పెట్టి, అది లేచేదాకా ఆగలేక ఇది రాస్తున్నాను.

ఈ పాసులో సగం, ఇక్కడ నోవై అనే ఊళ్లో నేను బేస్‌మెంట్ గదిలో అద్దెకుంటున్న ఇంటి అంకుల్‌ది. మిగతా సగం ఆయన కొట్టకుండా వదిలేసిన దుప్పిది.

సెప్టెంబర్‌లో మొదటిసారి డిఫెన్స్‌కి వెళ్తే తిప్పి పంపారు. ముందు వెళ్తున్న కారు ఎంత దూరంలో ఉందో కెమెరాతో చూసి చెప్పే ప్రోగ్రామ్ నాది. "ఎంత దూరం వరకు నమ్మొచ్చు?" అని అడిగారు. "రెండొందల మీటర్లు" అన్నాను దర్జాగా. "మంచు పడుతుంటేనో?" అన్నారు. అదే గ్రాఫు మళ్లీ చూపించాను. డిసెంబర్‌లో ఇంకొక్కసారి రమ్మన్నారు. అప్పుడూ చెప్పలేకపోతే డిగ్రీ లేదు.

సరిగ్గా ఆ సెప్టెంబర్‌లోనే అంకుల్‌కి వేట పిచ్చి ముదిరింది. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆఫీసులో ఎవరో వయోమింగ్ కొండల్లో ఎల్క్ అనే గుర్రమంత దుప్పిని కొట్టారట. అంతే, వెయ్యి గజాలు కొడుతుందన్న రైఫిలూ, దాని మీదికి సొరకాయంత స్కోపూ, దూరం చెప్పే లేజరూ, గాలిని కొలిచే బుల్లి ఫ్యానూ ఇంట్లో దిగాయి. ఆంటీ డీప్ ఫ్రీజర్‌లోంచి మునక్కాయలూ కొబ్బరి తురుమూ తీసేసి మాంసానికి చోటు చేసింది.

"పెరట్ల కుందేలు నా కొత్తిమీరంత తినిపోతాంది. దాన్ని అదిలించ చాతగాదు గానీ, వెయ్యి గజాలంట!" అంది, చోటు చేస్తూనే.

ఒక ఆదివారం ముగ్గురం షూటింగ్ రేంజ్‌కి వెళ్లాం. దుప్పి గుండే, ఊపిరితిత్తులూ ఉండే చోటు సుమారుగా భోజనం ప్లేటంత. అక్కడ తగిలితే వెంటనే పోతుంది. పక్కన తగిలితే గాయంతో కొండల్లో తిరిగి తిరిగి చస్తుంది. అందుకే పేపర్ ప్లేటు పెట్టి సాధన చేస్తారు. మా దగ్గరున్నవి వినాయక చవితికి అందరూ తలో వంటా తెచ్చిన పాట్‌లక్‌లో మిగిలిన మూడు గదుల ప్లేట్లు. పెద్ద గది అన్నం, చిన్నవి రెండూ కూర, పచ్చడి. తుపాకీ ముట్టుకుంటే నా వీసాకి ఏమవుతుందోనని నేను బైనాక్యులర్ పుచ్చుకున్నాను. తూటా ఎక్కడ పడిందో అరిచి చెప్పడం నా పని.

"అన్నం! ... కూర! ... మళ్లీ అన్నం!"

బెంచీ మీద ఇసక సంచీ పెట్టి, దాని మీద రైఫిల్ ఆనించి, ఆరొందల గజాల్లో ఐదుకి నాలుగు ప్లేట్లో వేశారు అంకుల్. మీసం లేదు గానీ, ఉంటే తిప్పేవారే.

"చూశావామ్మా? ఆ ఐదోది కూడా గాలి పనే."

"కొండ మీద మీకు బెంచీ ఎవరేస్తరు?" అంది ఆంటీ, ఫ్లాస్కులోంచి టీ పోస్తూ.

"అక్కడ నేల మీద పడుకుని కొడతానే."

"కొండెక్కి ఆయాసపడుకుంట? ముందుగాల ఇరవై గుంజీళ్లు తియ్యుండ్రి, అటెన్క కొట్టుండ్రి. మొదటిదే లెక్క. ఆ దుప్పి మీకు ఐదు ఛాన్సులిస్తదా?"

పక్క బెంచీల వాళ్లు కాల్చడం మానేసి చూస్తుండగా అంకుల్ గుంజీళ్లు తీశారు. రొప్పుతూ నేల మీద పడుకుని కాల్చారు. నేను బైనాక్యులర్‌తో వెతికాను.

"అంకుల్, ప్లేటు శుభ్రంగా ఉందండీ. ఎవరూ భోంచేయలేదు."

ఐదొందల గజాల్లోనూ అంతే. నాలుగొందలకి ఒకటి పచ్చడి, మిగతావి వెనకున్న మట్టికట్టకి. మూడొందల దగ్గర మాత్రం, ప్రతి తూటాకీ ముందు గుంజీళ్లు తీసినా, ఐదుకి ఐదూ ప్లేట్లోనే పడ్డాయి. అంకుల్ రైఫిల్‌కి టేప్ అంటించి, మార్కర్‌తో 300 అని రాసుకున్నారు.

"ఏడొందల గజాలు గుంజీళ్లకే పాయె" అంది ఆంటీ.

అక్టోబర్‌లో వయోమింగ్ వెళ్లి, వారానికి ఖాళీ చేతులతో దిగారు. ఆంటీ ఫ్రీజర్ తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది.

"ఏది మరి?"

"కనబడింది. లేజర్‌లో చూస్తే ఆరొందల ఇరవై. దగ్గరికెళ్దామంటే మధ్యలో లోయ. గడ్డి నా దగ్గర ఇటు ఊగుతోంది, అక్కడ అటు. తూటా వెళ్లడానికి దాదాపు సెకను పడుతుంది. ఆలోగా అదొక్క అడుగేసిందనుకో, గుండెకి కాదు, పొట్టకి తగుల్తుంది."

"కానీ మీ రైఫిల్ అంత దూరం కొడుతుంది కదా, అంకుల్?" అన్నాను.

"అది కొడుతుందమ్మా. నేనే కొట్టలేను."

ఆంటీ ఫ్రీజర్ తలుపు మూసేసింది. మర్నాడు మునక్కాయలు మళ్లీ ఫ్రీజర్‌లో సర్దుతూ, "మంచిగనే చేసిండు" అంది, నాకు వినపడేలా, ఆయనకి వినపడకుండా.

నేను కిందికెళ్లి నా గ్రాఫులు తెరిచాను. అన్నీ జూలై ఎండలో, ఖాళీ పార్కింగ్ లాట్‌లో తీసిన లెక్కలే. నా ప్రోగ్రామ్ కూడా బెంచీ మీద కూర్చునే కొట్టింది! నవంబర్‌లో మొదటి మంచు పడగానే దానిచేత గుంజీళ్లు తీయించాను. ముందు అంకుల్ కారు, వెనక ఆంటీ డ్రైవింగ్, పక్క సీట్లో నేనూ కెమెరా, అసలు దూరం సరిచూడ్డానికి అంకుల్ లేజరూ. అద్దమంతా మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు మరకలు, ఆపకుండా కొట్టుకునే వైపర్లు. ప్రతి సిగ్నల్ దగ్గరా ఆంటీ అడిగేది: "ఏమొచ్చె బిడ్డా, అన్నమా, పచ్చడా?" చాలాసార్లు ప్లేటే కనబడేది కాదు.

ఇందాక డిఫెన్స్‌లో మళ్లీ అదే ప్రశ్న వేశారు.

"ఎండలో నూట ఇరవై మీటర్లు. మంచులో నలభై. అది దాటితే నా ప్రోగ్రామ్ అంకె చెప్పదు, తెలియదనే చెబుతుంది" అన్నాను.

"పోయినసారి రెండొందలన్నావు?"

"అది బెంచీ మీదండీ."

అనేసి నాలుక కరుచుకున్నాను. ఇక కథంతా చెప్పక తప్పలేదు, మూడు గదుల ప్లేటుతో సహా. గుంజీళ్లంటే ఏమిటో చూపించమని ఒకాయన అడిగితే, ఫార్మల్ ప్యాంటులోనే రెండు తీసి చూపించాను. బయట కూర్చోమన్నారు. పది నిమిషాలు కూర్చున్నాను, ఆయాసం తగ్గలేదు. తలుపు తీసి "కంగ్రాట్యులేషన్స్" అన్నారు.

ఫోన్ వెలిగింది. ఇంక చేయాల్సినవాళ్లు:

నాన్న. రైస్‌మిల్లు నుంచి వచ్చేసి ఉంటారు.

అమ్మకి విడిగా. నాన్న చేతికి ఫోన్ వెళ్తే ఆవిడకి ఇవ్వరు.

పదో తరగతి లెక్కల మాస్టారు.

ఆంటీ. మునక్కాయలు కాస్త జరిపి ఐస్‌క్రీమ్‌కి చోటు చేయమని.

అంకుల్. మీటింగ్‌లో ఉంటారు, అయినా ఎత్తుతారు. ఆయనకి ఒక్కటే మాట: "అన్నం!"