శ్రీను కార్డుకు వచ్చిన చలిజ్వరం

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. మా భోపాల్‌పట్నంలో ఎవరికి కాస్త కడుపునొప్పి వచ్చినా ఎవరో ఏదో చేశారంటారు. అలా అన్నవాళ్లను మొహం మీదే కడిగేసేదాన్ని. నేను వీడియో స్టూడియో నడుపుతాను, కంప్యూటర్లు బాగుచేస్తాను. తీగ కాలితే తీగ కాలిందంటాను, ఇంకో మాట నాకు రాదు. ఇప్పుడు నేను చెప్పేది విని నన్ను కూడా ఆ గుంపులో కలిపేస్తారని తెలుసు. కలుపుకోండి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆ స్టూడియో మా తమ్ముడు శ్రీను, నేను కలిసి పెట్టుకున్నది. పెళ్లి వీడియోలే మా బతుకుతెరువు. ఇంద్రావతికి అటూ ఇటూ ఉన్న ఊళ్ల వాళ్లు పాత పెళ్లి క్యాసెట్లు తెచ్చిస్తే, వెలిసిపోయిన బొమ్మను శుభ్రం చేసి కొత్తదానిలా ఇచ్చేవాడు శ్రీను. ఆ పనికి మామూలు కంప్యూటర్ చాలదు. బొమ్మల పనంతా మోసే పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఎన్నాళ్లో ఎదురుచూసి తెప్పించుకున్నాడు. మూడు ఫ్యాన్లతో, ఇటుక కన్నా పొడుగ్గా ఉంటుంది. అది వచ్చిన రోజు వాడు అన్నం కూడా సరిగా తినలేదు.

ఇక అప్పటి నుంచీ దానికి పరీక్షలే. కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో కార్డును నడపడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. వేగం పెంచితే వేడి పెరుగుతుంది, వేడి మితిమీరితే కంప్యూటర్ దానంతటదే ఆగిపోతుంది. వేగం పెంచుతూనే వేడిని అణచి ఉంచడంలోనే పనితనమంతా. మా వాడు దానికి మే నెల మధ్యాహ్నాలు ఎంచుకునేవాడు. కూలర్ ఆపేసి, తలుపులు మూసి, చెమటలు కక్కుతూ స్క్రీన్ మీద అంకెలు చూస్తూ కూర్చునేవాడు.

"మన ఎండల తట్టుకుందంటే దునియాల యాడనైనా తట్టుకుంటదక్కా" అనేవాడు.

సంతలో బుట్టలల్లే ఆమె దగ్గర వెదురుతో గొట్టం లాంటి బుట్ట ఒకటి అల్లించుకొచ్చాడు. లోపల ప్లాస్టిక్ కాగితం అంటించి, కిటికీ గాలి నేరుగా ఫ్యాన్లకు తగిలేలా కట్టాడు. చిప్ మీద పూసే పేస్టు మార్చాడు. వోల్టేజీ కొంచెం కొంచెం తగ్గిస్తూ, వేగం కొంచెం కొంచెం పెంచుతూ వెళ్లాడు. చివరికి మొయ్యగలిగినంత పని పెట్టి గంట సేపు నడిపినా అరవై నాలుగు డిగ్రీలు దాటేది కాదు. పక్కన కూర్చుని చూసినదాన్ని నేను.

కిషోర్ వాడి చిన్నప్పటి దోస్తు. మా వీధిలోనే వాళ్ల నాన్న కిరాణా కొట్టు. రాయ్‌పూర్‌లో కంప్యూటర్లు అమ్మే సేఠ్ ఒకాయన పోటీ పెట్టాడు. వట్టి గాలితో చల్లబరుస్తూ కార్డును ఎవరు ఎక్కువ వేగంతో నిలకడగా నడిపితే, వాళ్లకు తన సర్వీసు సెంటర్ అప్పగిస్తానన్నాడు. కార్డు, వెదురు బుట్ట పట్టుకుని శ్రీను, కిషోర్ కలిసి బయల్దేరారు.

అప్పటికే శ్రీనుకు చలిజ్వరం. మా వైపు వానాకాలంలో చలిజ్వరం తగలని ఇల్లుండదు. దాని నడక పిల్లలకు కూడా తెలుసు. ముందు పళ్లు టకటకలాడే చలి, తర్వాత సలసలకాగే వేడి, ఆ తర్వాత పక్క తడిసిపోయేంత చెమట. మర్నాడు ఏమీ లేనట్టు తిరుగుతాం. ఆ మర్నాడు మళ్లీ అదే వేళకు వస్తుంది. ఏమీ లేని రోజు చూసుకుని వాళ్లు బస్సెక్కారు. నేను వద్దన్నాను. "మాత్రలేసుకుంటున్న గదా, ఊకె బెదిరియ్యకు" అని నవ్వాడు.

జగదల్‌పూర్‌లో లాడ్జిలో దిగారు. మర్నాడు మధ్యాహ్నం జ్వరం తిరగబెట్టింది. కిషోర్ కార్డూ బుట్టా తీసుకుని రాయ్‌పూర్ బస్సెక్కాడు. లాడ్జి వాళ్లు తలుపు తీసేసరికి మా తమ్ముడికి స్పృహ లేదు. జ్వరం మెదడుకెక్కిందన్నారు ఆస్పత్రిలో. మా ఇంటికి శవం వచ్చింది.

కిషోర్ పోటీ గెలిచాడు. అంతా తన పనితనమేనని వీడియోలో చెప్పుకున్నాడు. వెదురు బుట్ట కూడా తన ఆలోచనేనట! సిగ్గులేనివాడు పెద్దకర్మకు వచ్చి మా అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. "నేను పొయ్యేటప్పుడు మంచిగనే నిద్రపోతుండె పెద్దమ్మా" అన్నాడు. ఆ కార్డు వీడికి అచ్చిరాకూడదు, వీడు సుఖంగా ఉండకూడదు అని మనసులోనే కసితీరా తిట్టుకున్నాను. అమ్మ ఉంది కదా అని ఊరుకున్నాను.

హోలీ దాటాక ఒక పొద్దున స్టూడియో గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో కార్డు పెట్టె, చంకలో వెదురు బుట్ట.

"అక్కా, ఇది ఒక దినం మంచిగ నడుస్తది, ఒక దినం కాలిపోతది. శ్రీను ఏం సెట్టింగ్ పెట్టిండో నీకే ఎరుక. సేఠ్ గుస్స చేస్తున్నడు. ఒక్కపారి చూడక్కా."

చెప్పు తీసేదాన్నే. కానీ ఆ పెట్టె మీద మా వాడి చేతిరాత ఉంది. దాన్ని ఒక్కసారి ముట్టుకోవాలనిపించింది. తీసుకుని లోపలికి వెళ్లాను. వాడు స్టూడియోకు వచ్చే గిరాకీలు కూర్చునే బెంచీ మీద కూర్చున్నాడు.

శ్రీను వాడిన కంప్యూటర్‌లోనే బిగించి, వెదురు బుట్ట కట్టి, పరీక్ష పెట్టాను. అరవై నాలుగు దగ్గర ఆగింది. సాయంత్రం దాకా అంతే. కార్డుకేం రోగం లేదు, నీ చేతికే ఉందన్నాను. ఇంకొక్క రోజు చూడమని బతిమాలాడు.

మర్నాడు మధ్యాహ్నం మూడు దాటింది. కార్డు ఫ్యాన్లు మూడూ ఒక్కసారిగా వణకడం మొదలుపెట్టాయి. తిరగడం కాదు, వణకడం. కింద బల్ల కూడా టకటకమంది. స్క్రీన్ మీద అంకె దిగుతూ పోయి పంతొమ్మిది దగ్గర ఆగింది. గదిలో వేడి ముప్పై పైనే ఉంది. వట్టి గాలితో చల్లబరిచే ఏ వస్తువూ ఆ గాలి కన్నా చల్లగా అవ్వదు. ఇది చిన్న పిల్లలకు చెప్పే పాఠం. సెన్సర్ చెడిందనుకున్నాను. కరోనా రోజుల్లో గిరాకీల నుదుటికి పెట్టిన వేడి చూసే తుపాకీ ఒకటి డ్రాయర్‌లో ఉంటే దాన్ని కార్డు వీపు రేకుకు పెట్టాను. నుదుటి మీద కాకుండా వస్తువుల వేడి చూసే బటన్ కూడా దానికుంది. అదీ పంతొమ్మిదికి దగ్గరే చూపించింది.

కాసేపటికి అంకె లేవడం మొదలైంది. పరీక్ష ఆపేశాను. కార్డుకు పని ఏమీ లేదు, అయినా డెబ్బై, ఎనభై, తొంభై. వోల్టేజీ తేడా అనుకుని ఇన్వర్టర్ మీద పెట్టాను. తగ్గలేదు. విసుగొచ్చి ప్లగ్గు పీకేశాను. తీగ నా చేతిలోనే ఉంది. తుపాకీ పెట్టి చూస్తే రేకు వేడి ఇంకా పైకే పోతోంది.

అప్పుడే అమ్మ అన్నం గిన్నె తెచ్చింది. ఆవిడకు కంప్యూటర్ అంటే మౌస్ ఏదో కూడా తెలియదు. ఆ రేకు మీద అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేసింది.

"ఇది చలిజ్వరమేనే. చలి అయిపోయింది, ఇప్పుడు కాగుతుంది. ఇగ చెమట పడ్తది చూడు."

ఏంది నీ పిచ్చి మాటలని కసిరాను. అంతలో బెంచీ మీద నుంచి కిషోర్ లేచాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. చాయ్ తాగొస్తానని బయటికి వెళ్లాడు. కాసేపు ఆగి తుపాకీ పెట్టాను. వాడున్నప్పటి కన్నా బాగా పెరిగి ఉంది. వాడు తిరిగొచ్చి కూర్చున్నాక తగ్గింది.

నేను పరీక్షలు చేసే మనిషిని. ఊరికే నమ్మను. వాడిని మళ్లీ బయటికి పంపాను, పెరిగింది. లోపలికి పిలిచాను, తగ్గింది. అమ్మను పంపాను, నేను వెళ్లాను, ఏమీ తేడా లేదు. వాడు వెళ్తేనే పెరుగుతోంది. మూడోసారి పొమ్మంటే వాడు కదల్లేదు. బెంచీ పట్టుకుని ఏడవడం మొదలుపెట్టాడు.

"నిద్రపోలేదక్కా శ్రీను" అన్నాడు. "చెయ్యి పట్టుకున్నడు. పోకురా, జ్వరం దిగేదాంక కూసోరా అన్నడు. బస్సు టైమైతుండె. ఇడిపించుకొని పోయిన."

కొట్టలేదు వాడిని. తలుపు గడియ పెట్టాను.

"అప్పుడు కూసోలేదు గదా. ఇప్పుడు కూసో. దిగేదాకా కూసో" అన్నాను.

కూర్చున్నాడు. సందెకాడ, ప్లగ్గు పీకేసిన ఆ కార్డు రేకు మీద నీటి చుక్కలు పుట్టాయి. చుక్కలు కలిసి ధారగా బల్ల మీదికి కారాయి. అమ్మ కొంగుతో తుడిచింది. ముప్పైకి దిగింది. గడియ తీశాను.

వాడు మర్నాడు పొద్దున్నే కార్డును నా దగ్గరే వదిలేసి పారిపోయాడు. నాకూ కావలసింది అదే. ఆ పై రోజు మూడింటికి కార్డు ముందు కాపు కాశాను. ఏమీ కాలేదు. అరవై నాలుగు. అంతా నా భ్రమేననుకుని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. సాయంత్రం వాళ్ల నాన్న పరుగెత్తుకొచ్చాడు. అదే మూడింటికి కిషోర్ మా జిల్లా కేంద్రం బీజాపూర్ బస్టాండులో చలితో కొట్టుకుంటూ పడిపోయాడట. ఆస్పత్రిలో రక్తం చూస్తే మలేరియా లేదన్నారు. ఊరికి తీసుకొచ్చాక మా వాడ ఆరోగ్య కార్యకర్త, అందరం మితానిన్ అంటాం, ఆమె కిట్‌తో మళ్లీ చూసింది. లేదు. రోజు విడిచి రోజు మాత్రం వస్తూనే ఉంది. వాడికి వచ్చిన రోజు కార్డు మామూలుగా ఉంది. వాడు వచ్చి నా బెంచీ మీద కూర్చున్న రోజు కార్డు కాగింది, వాడు బాగున్నాడు. కార్డుకైనా రావాలి, వాడికైనా రావాలి.

రాయ్‌పూర్ సేఠ్ కొన్నాళ్లు చూసి సర్వీసు సెంటర్ ఇంకొకరికి ఇచ్చేశాడు. నాకు చల్లగా అనిపించింది, అబద్ధమెందుకు? నిజం చెబుతూ వీడియో పెట్టమని కిషోర్‌తో అన్నాను. పెట్టాడు. కార్డు, బుట్ట, సెట్టింగులు అన్నీ శ్రీనువేనని, జ్వరంలో వాడిని వదిలేసి పోయానని అందరి ముందూ చెప్పాడు. దాంతో అయిపోతుందనుకున్నాం. ఆ పై జ్వరం రోజు మూడింటికి ఫ్యాన్లు మళ్లీ వణికాయి.

కార్డును వేరే కంప్యూటర్‌లో పెట్టి చూశాను. విడదీసి, కడిగి, పేస్టు మార్చి చూశాను. ఫ్యాన్లు కొత్తవి వేశాను. నాకు తెలిసిన విద్యంతా అయిపోయింది. ఇప్పటికీ రోజు విడిచి రోజు వాడు వాళ్ల కొట్టు మూసుకుని వస్తాడు, బెంచీ మీద కూర్చుంటాడు, చెమట పట్టాక వెళ్తాడు. అమ్మ వాడికి చాయ్ ఇస్తుంది. నేను ఇవ్వను.

మొన్న వాడు నా కాళ్లు పట్టుకున్నాడు. "కూసో అని నువ్వే అన్నవు. పో అని నువ్వే అనక్కా. ఒక్క మాట" అన్నాడు. అమ్మ కూడా అంది, "ఇగ చాలు, పొమ్మనవే. శ్రీను ఉంటె ఎప్పుడో పొమ్మనేటోడు."

నిజమే. మా తమ్ముడికి కోపం ఒక పూట నిలిచేది కాదు. పొద్దున కొట్లాడి మధ్యాహ్నం పక్కన కూర్చుని తినేవాడు. వాడు చచ్చిపోయాక కూడా ఎవరి మీదా పగ పట్టే మనిషి కాదు. మా ఇంట్లో ఆ గుణం నా ఒక్కదానికే ఉంది.

అందుకే నాకు అంతు పట్టనిది ఆ వేడి ఎక్కడి నుంచి వస్తోందన్నది కాదు, అది ఎవరిదన్నది. దయ్యాలను నేను నమ్మను. పో అని అంటే ఏమవుతుందో కూడా నాకు తెలియదు, ఎందుకంటే ఇంతవరకు అనలేదు. అనాలని రెండు మూడుసార్లు నోరు తెరిచాను. ఇడిపించుకున్న ఆ చెయ్యి గుర్తొచ్చి మూసుకున్నాను.

రేపు జ్వరం రోజు. మూడింటికి కిషోర్ వస్తాడు.