నీళ్ళు పోసిన తర్వాతి జ్వరం

నిన్న మా ఆసుపత్రికి తెచ్చిన పిల్లవాడి నెత్తి నుంచి వేపాకు, పసుపు కలిసిన వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు డాక్టర్ సరోజమ్మ గుర్తొస్తుంది, వెంటనే విసుగూ వస్తుంది. ఆమె పోయి ఇన్నేళ్ళయినా నా విసుగు మాత్రం పోలేదు.

వరుసగా వానలు పడక వేరుశనగ చేలు ఎండిపోతున్న రోజుల్లో, కర్ణాటక సరిహద్దు పావగడలో ఆమె నడిపే చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేరాను. ఆమెదీ మా వైపే. వైద్యంలో వంక పెట్టలేం గానీ, అబ్బబ్బ, ఆ నోరు! బిడ్డకు జ్వరం తగ్గిందని తల్లి చెబితే ఎవరైనా సంతోషిస్తారు. ఈమె మాత్రం లేచిన తల్లిని మళ్ళీ కూర్చోబెట్టి, తగ్గినాక కళ్ళు ఎర్రబడ్డాయా, పెదాలు పగిలాయా, వేళ్ళ కొసల్లో తోలు ఊడుతోందా అని పోలీసులా ఆరా తీసేది. ఈలోపల ఊరి బస్సు వెళ్ళిపోయేది. ఆమెను ఏమీ అనలేక అందరూ నన్ను తిట్టిపోసేవాళ్ళు.

ఒకసారి మంగళవాడ నుంచి ఒక అవ్వ నాలుగేళ్ళ మనవరాలిని భుజాన వేసుకుని వచ్చింది. పాపకు తట్టు పోసి తగ్గింది. మా పల్లెల్లో తట్టు పోస్తే అమ్మ వచ్చిందంటారు. అమ్మ ఉన్నన్నాళ్ళు ఇంట్లో తాలింపు పెట్టరు, సూది వేయించరు, ఆ బిడ్డను పల్లెత్తు మాట అనరు. తగ్గాక వేపాకు నీళ్ళు తలమీద పోసి అమ్మను సాగనంపుతారు. అలా నీళ్ళు పోసిన కొన్నాళ్ళకు పాప ఒళ్ళు మళ్ళీ కాలిపోసాగింది. కళ్ళు ఎర్రబడ్డాయి, పెదాలు పగిలాయి. డాక్టరమ్మ గుండె దగ్గర గొట్టం పెట్టి చాలాసేపు విని, వెంటనే బెంగళూరు తీసుకుపోవాలి, ఆలస్యమైతే గుండె చెడుతుందని చెప్పింది. చెప్పి ఊరుకుందా? ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని అవ్వను, నోట్లో పోసిన మందు ఉమ్మేసిందని పాపను, ఇద్దరినీ కలిపి గదమాయించింది. అవ్వకు ఒళ్ళు మండింది. అమ్మకు కోపమొచ్చి తిరిగి వచ్చిందని, అమ్మ ఉన్న బిడ్డను తిట్టే చోట ఉండనని, ఇంటికి పోయి మళ్ళీ నీళ్ళు పోస్తానని లేచింది. నాకు తల బాదుకోవాలనిపించింది. ఈ మహాతల్లి నోటి దురుసుకు పసిబిడ్డ ప్రాణం పోతుందే అనుకున్నాను.

డాక్టరమ్మ వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె గొంతు అంత తగ్గడం నేనెప్పుడూ వినలేదు.

“నీళ్ళు పోసిందెవరవ్వా?”

“నేనే. మా ఊర్లో అందరి బిడ్లకూ నేనే పోసేది.”

“పద్ధతిగా పోసినావా, ఏమన్నా తక్కువ చేసినావా?”

అవ్వకు రోషం వచ్చింది. “తక్కువ చేసేదేంది? అన్నీ సరిగ్గానే చేసినా.”

“అయితే అమ్మ పోయినట్లే గదా. ఈడ ఉండేది అమ్మ కాదు. చేన్లో అడివిపందులు పడితే మీరంతా తరమనీకి పోతారు గదా. పందులు పోయినాయి. తరమనీకి పోయినోళ్ళు మాత్రం చేన్లోనే ఉండి, కట్టెలు పట్టుకోని చెట్లన్నీ తొక్కుతాండారు. జబ్బుని తరమనీకి ఒంట్లో లేచిన బలమే ఇప్పుడు బిడ్డని కాలుస్తాండాది. దాన్ని ఆపేదానికి మందు కావల్ల.”

అవ్వ పాపను మళ్ళీ భుజం మీదికి సర్దుకుంది. తర్వాత బెంగళూరు బస్సు ఎప్పుడుందని నన్ను అడిగింది.

వాళ్ళను బస్సెక్కించి వచ్చి, ఆపుకోలేక డాక్టరమ్మను నిలదీశాను. ఇంత నెమ్మదిగా మాట్లాడటం వచ్చినప్పుడు, మొదటే మాట్లాడితే మీ సొమ్మేం పోయిందని. ఆమె చేతులు కడుక్కుంటూ, నా వైపు తిరగకుండానే చెప్పింది.

“నువ్వు చేరకముందు అరసికెరె ఊరి పిల్లోడొకడు ఇట్లే వచ్చినాడు. జ్వరం తగ్గిపోయింది, ఇంటికి పోండి అని నవ్వుకుంటా పంపించినా. వారం తిరక్కుండా గుండె ఆగి పోయినాడు. అప్పట్నుంచి తగ్గిందనే మాట వింటే నాకు కోపమొస్తాదమ్మా. ఏం చేసేది?”

మంగళవాడ పాప బతికింది. బెంగళూరు నుంచి తిరిగి వచ్చి అవ్వ దండం పెడితే, మళ్ళీ చూపించుకోవడానికి ఇంత ఆలస్యమా అని ఈమె విసుక్కుంది. మారే మనిషి కాదు. ఇప్పుడు మా ఆసుపత్రిలో కొత్త నర్సులు నా నోటికి భయపడతారని నాకు తెలుసు. చిరాకు పడతారు, పడనీ. తగ్గిందని ఏ తల్లి చెప్పినా, ముందు నా కళ్ళ ముందుకొచ్చేది ఆ అరసికెరె పిల్లవాడే. వాణ్ణి నేను ఒక్కసారి కూడా చూడలేదు.