నాలుగు చక్రాల అలకపాన్పు

విద్యాసాగర్ గారికి అలగడం వచ్చినంత బాగా మరో పని రాదు. ఆ మాట ఆయన ముందంటే, "అంటే, నాకు లెక్కలు రావనా?" అని దానికీ అలుగుతారు. కొందరికి షుగరుంటుంది, కొందరికి బీపీ ఉంటుంది, ఆయనకి అలక ఉంది. వచ్చే ముందు మీసం కొస అదురుతుంది. అది చూశాక ఎదుటివాడు చెయ్యగలిగిందల్లా చేతిలో గ్లాసు కిందపెట్టి పక్కకి తప్పుకోవడమే.

ఈ సంగతి డేనియల్‌కి తెలిసినంతగా దోహాలో ఇంకెవరికీ తెలీదు. ముఐథర్‌లో ఓ పాత విల్లా వెనక గదిలో ఇద్దరివీ పక్కపక్క మంచాలు. విద్యాసాగర్ గారిది నరసాపురం, కంపెనీలో అకౌంటెంటు. డేనియల్‌ది పాలకొల్లు, అదే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. పక్క గదిలో నిజామాబాద్ నిసార్ అహ్మద్, కంపెనీ డ్రైవరు. ముగ్గురిలో అలిగే హక్కు ఒక్కరిది. బతిమాలే డ్యూటీ మిగతా ఇద్దరిది.

ఓసారి నిసార్ ఒళ్ళు కాలిపోతున్నా వంతు తనదే కదా అని లేచి పప్పు పొయ్యి మీద పెట్టాడు. విద్యాసాగర్ గారు గరిటెతో ఎత్తి చూశారు.

"ఇది పప్పా, పప్పు కడిగిన నీళ్ళా? నేను బతికుండగా నువ్వీ పొయ్యి ముట్టుకోవద్దు!"

గరిటె లాక్కుని, ఆ వారమంతా తనే వండి, తిట్టుకుంటూ అందరికీ తనే వడ్డించారు. నిసార్ దుప్పట్లోంచి, "అన్నకు కోపమొస్తె మస్తుగ వండుతడు" అన్నాడు. అందరూ నవ్వుకుని ఊరుకున్నారు.

ఇలా ఉండగా డేనియల్ భార్య మోనికాకి విజిట్ వీసా వచ్చింది. పెళ్ళయి పట్టుమని నెల కాపురమన్నా చెయ్యకుండా డ్యూటీలో చేరాడేమో, పాపం, ఆ కాగితం చూసి గాల్లో తేలాడు. ముషైరిబ్‌లో ఓ గది మాట్లాడుకున్నాడు. తీరా ఆమె బయల్దేరే ముందు ఆ గదిగలాయన దాన్ని ఇంకెవరికో ఇచ్చేశాడు. డేనియల్ వీధివీధీ తిరిగాడు. దొరికిన గదులు జీతం మింగేసేవి, జీతానికి అందేవి బ్యాచిలర్లు కిక్కిరిసినవి.

"రావద్దని ఫోన్ చేసేస్తానండి" అన్నాడు మంచమ్మీద కూలబడి.

విద్యాసాగర్ గారు పేపరు దించలేదు. "శుక్రవారం దాకా ఆగు. ఆ రోజు ఫోను రేటు తక్కువ."

మనిషన్నవాడు ఓదార్చే మాట ఇదా! డేనియల్‌కి ఒళ్ళు మండింది.

ఆ శుక్రవారం విద్యాసాగర్ గారు వంకాయ ఎండురొయ్యల కూర వండారు. మొదటి ముద్ద డేనియల్ నోట్లోకి వెళ్ళీ వెళ్ళకముందే, "ఎలా ఉంది?" అన్నారు.

డేనియల్ మనసంతా చెయ్యబోయే ఫోను మీదుంది. "పర్లేదండి" అన్నాడు.

మీసం అదిరింది.

"పర్లేదా? పర్లేదంటే ఏంటి? బాగున్నట్టా, బాగోనట్టా? బస్సులో కాలు తొక్కినవాడితో అనే మాటయ్యా అది! నేను నీ కాలు తొక్కానా? కూర వండాను!"

"అయ్యో, బాగుందనే కదండీ..."

"అడిగించుకున్నాక చెప్పే బాగుంది నాకొద్దు. నా కూర పర్లేని గదిలో నేను పడుకోను!"

చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు. అన్నం చల్లారేలోపే గేటు దగ్గర దగ్గుతున్నట్టు ఓ చప్పుడు. చూస్తే, ఓ పాత తెల్ల పికప్, స్టీరింగ్ వెనక విద్యాసాగర్ గారు.

"కొన్నాను! ఇకమీదట ఇదే నా ఇల్లు!"

పరుపు, దిండు, ట్రంకుపెట్టె వెనక ట్రక్కులోకెక్కాయి. పైన టార్పాలిన్ బిగించారు. బండిని తీసుకెళ్ళి సరిగ్గా డేనియల్ కిటికీ కింద ఆపారు. అలిగినవాడు కనపడకుండా పోతే అలిగి లాభమేంటి?

నిసార్ నోరు తెరిచాడు. "బాత్రూమెట్లన్నా?"

"అలక గదితో. బాత్రూంతో కాదు."

గది ఖాళీ అయింది. డేనియల్ ఫోను మానేశాడు. మోనికా వచ్చింది. దేవుడు దారి చూపించాడు సరే, చూపించడానికి ఈ పికప్ తప్ప ఇంకేమీ దొరకలేదా అనిపించింది డేనియల్‌కి. ప్రార్థన కూటంలో పెద్దవాళ్ళు అతన్ని వేరుగా చూడటం మొదలెట్టారు. లూర్దమ్మగారైతే చెయ్యి పట్టుకుని మరీ, "పెళ్ళాం రాగానే పెద్దాయన్ని రోడ్డు మీదకి గెంటేశావా బాబూ?" అంది.

"నేను గెంటలేదండీ! పర్లేదన్నాను, అంతే!"

"ఆయన్ని గెంటేస్తే పర్లేదంటావా? హవ్వ!"

ఇంటికొచ్చి డేనియల్ చిందులు తొక్కాడు. చెయ్యని పాపానికి శిక్ష! సౌదీ బోర్డరు దాకా ఇంత ఇసక నేలుండగా, ఆ బండి తన కిటికీ కిందే ఉండాలా?

బండి బాధ బండిది. అది వెనకటికి గొర్రెల్ని మోసేది. ఎంత కడిగినా ఆ వాసన పోలేదు. వాసన పోయినా ఊళ్ళో జ్ఞాపకం పోయేట్టు లేదు. తెల్లారగానే ఓ ముసలి అరబ్బు వచ్చి టార్పాలిన్ ఎత్తేవాడు.

"ఖరూఫ్ ఫీ?" గొర్రెలున్నాయా అని.

దుప్పట్లోంచి విద్యాసాగర్ గారు బుస్సున లేచేవారు. "మాఫీ ఖరూఫ్, లేవు! అనా ముహాసిబ్! అకౌంటెంట్!"

ముసలాయన ఆయన్ని తల నుంచి పాదాల దాకా పరీక్షగా చూసి, పెదవి విరిచి వెళ్ళిపోయేవాడు.

"ఏం రేటు చెప్పిండన్నా?" అనేవాడు నిసార్ గుమ్మంలోంచి పళ్ళు తోముకుంటూ.

మోనికా పళ్ళెంలో ఉప్మా పెట్టి కిటికీలోంచి అందించేది. ఆయన అందుకుని, "మీ ఆయనతో మాటల్లేవమ్మా. ఉప్మా ఏం తప్పు చేసింది?" అని తినేవారు. డేనియల్ అక్కడే నిలబడి ఉన్నా, "నిసారూ, ఆ డేనియల్‌తో చెప్పు, ట్యాంకులో నీళ్ళయిపోయాయని" అనేవారు. నిసార్ పక్కకి తిరిగి, "డేనియలన్నా, నీళ్ళయిపోయినయంట" అనేవాడు.

"పెళ్ళిళ్ళలో కొత్త అల్లుళ్ళు అలకపాన్పెక్కి వాచీ అడుగుతారు కదండీ" అంది మోనికా భర్తతో. "అన్నయ్యగారికేం కావాలో కనుక్కోరాదూ?"

"కనుక్కున్నాను. 'నా మర్యాద' అన్నారు. అదెక్కడ దొరుకుతుంది, సూక్ బజార్లోనా?"

జనవరిలో వాన పడింది. ఆ ఊళ్ళో వాన చుట్టం లాంటిది, అరుదుగా వస్తుంది, వస్తే ఇల్లంతా తడిపిపోతుంది. టార్పాలిన్ కారుతోంది. డేనియల్ గొడుగేసుకుని వెళ్ళాడు.

"లోపలికి రండి. నేను నిసార్ గదిలో సర్దుకుంటాను, మీరు మా..."

"మీ ఆవిడున్న గదిలో నన్ను పడుకోమంటావా? సిగ్గు లేదూ?"

"పోనీ నిసార్ గదిలోకన్నా..."

"వాడు ముగ్గురితో ఉంటున్నాడు. నేనేం అప్పడాన్నా, సందులో దూర్చడానికి?"

వాన తగ్గేదాకా డేనియల్ ఆయన మీద గొడుగు పట్టుకు నిలబడ్డాడు. ఇద్దరూ ఒకర్నొకరు తిట్టుకుంటూనే ఉన్నారు. మర్నాడు విద్యాసాగర్ గారు తుమ్మినప్పుడల్లా పికప్పూ ఊగింది.

ఆ పై శుక్రవారం పాత బండ్ల యార్డు నడిపే పఠాన్ జహాంగీర్ వచ్చాడు, వానకి తనమ్మిన బండి ఎలా ఉందో చూద్దామని. మోనికాని చూసి గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. "బీబీ ఆ గయీ? అచ్ఛా, బహుత్ అచ్ఛా!" అని హిందీలో ఏదో గడగడా చెప్పాడు. నిసార్ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏమంటున్నాడు?" అన్నాడు డేనియల్.

"ఈ బండి అన్న ఆ లొల్లి దినం కొనలేదంట. అంతకు ముందే కొన్నడంట. ఇంజను చూడలేదు, టైర్లు చూడలేదు, ఎనక ఎక్కి కాళ్ళు చాపి పండుకొని చూసి, సరిపోయిందన్నడంట. పైసలిచ్చి, బండి ఈడనే ఉండనీ, లడాయి అయినంక తీస్కపోత అన్నడంట."

"ఎవరితో లడాయి?"

"గదే నేనూ అడిగిన అంటుండు. 'ఇంకా అనుకోలేదు' అన్నడంట!"

అందరూ పికప్ వైపు తిరిగారు. టార్పాలిన్ కదిలింది. తర్వాత ఓ తుమ్ము.

"అబద్ధం!" విద్యాసాగర్ గారు తల బయట పెట్టారు. "ఆ పఠాన్‌కి తెలుగు రాదు!"

"హిందీలో చెప్పారండి."

"హిందీ కూడా రాదు!"

డేనియల్ ట్రక్కు అంచు పట్టుకున్నాడు. "మరి... ఆ రోజు కూర బాగుందనుంటే?"

"నిన్నటిది బాలేదా అని అలిగేవాణ్ణి. అద్భుతమంటే వెటకారమా అనేవాణ్ణి. నువ్వు మాట్లాడకుండా తింటే మరీ తేలిక." ఆయన దిండు దులిపారు. "అడిగితే నువ్వు ఒప్పుకుంటావా? పెద్దవారు, మీరెక్కడికి వెళ్తారండీ అంటూ ఏడ్చేవాడివి. ఇదుగో, ఇప్పుడూ అదే మొహం పెట్టావు."

నిసార్ ఉన్నట్టుండి నుదురు కొట్టుకున్నాడు. "అరె, నా పప్పు గూడానా?"

"నీ పప్పు నిజంగానే బాలేదు!"

డేనియల్ టార్పాలిన్ పక్కకి తోశాడు. "ఇన్నాళ్ళూ చలిలో, ఆ గొర్రెల వాసనలో... మా కోసమా అండీ..."

విద్యాసాగర్ గారు ఎటో చూశారు. మీసం అదరలేదు. "పర్లేదు" అన్నారు మెల్లిగా.

నిసార్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "పర్లేదంటే ఏందన్నా? బాగున్నట్టా, బాగలేనట్టా?"

 మోనికా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పఠాన్‌కి ఏమీ అర్థం కాకపోయినా అందరికంటే గట్టిగా నవ్వాడు.

అప్పుడు అదిరింది మీసం.

"అంటే, నవ్వులాటగా ఉందా మీకు? ఇంక ఆ గడప తొక్కితే ఒట్టు!" అని టార్పాలిన్ బర్రున లాక్కున్నారు.

మోనికా వీసా గడువు ఇంకా నెలన్నర ఉంది మరి.