ఎడమ వైపు గ్రంథి

గోదావరిఖనిలో మా డిగ్రీ కాలేజీ జంతుశాస్త్రం ల్యాబుకు యిర్మియన్న ఇరవై ఎనిమిదేళ్లుగా అటెండర్. బొగ్గుబాయిలో తండ్రి కాలు విరిగి మంచాన పడడంతో ఆయన చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. ట్రేలు కడగడం, సీసాల్లో ఫార్మలిన్ మార్చడం ఆయన పని. నేను పాఠం చెబుతుంటే మాత్రం గోడకు ఆనుకుని, నాతోపాటే పెదవులు కదుపుతుంటాడు. ఒక్కసారి పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలని ఆయనకెంత ఆశో నాకు తెలుసు. తెలిసీ పదేళ్లు తెలియనట్టే ఉన్నాను. పెద్దరికం ఎవరికి చేదు? వచ్చే నెల ఆయన రిటైరవుతున్నాడు.

మొన్న అడ్రినల్ గ్రంథి పాఠం. పొద్దున్నే మేక గుర్దాలు, అంటే మూత్రపిండాలు, తెమ్మన్నాను.

"ఉత్త గుర్దాలల్ల దొరకది మేడం," అని నసిగాడు.

"గుర్దా మీద టోపీలా ఉంటుందన్నా, పుస్తకంలో బొమ్మ చూడలేదా?" అని కసిరాను.

వెళ్లి తెచ్చాడు. మటన్ కొట్టు ముత్యం కొవ్వంతా ఒలిచేసి నున్నగా ఇచ్చాడు. నలభై మంది చూస్తుండగా వాటిని తిప్పి తిప్పి వెతికాను. గ్రంథి జాడే లేదు. నేను చూసిన బొమ్మ మనిషిదని అప్పుడు గుర్తొచ్చింది. తల కొట్టేసినట్టయింది.

యిర్మియన్న మెల్లగా ఇంకో కవరు బల్ల మీద పెట్టాడు. అందులో మేక వెన్నెముక పక్క నుంచి కోయించుకొచ్చిన కొవ్వు ముద్ద ఉంది.

"గిది గూడ తెచ్చిన మేడం. ఏమనుకోకుండ్రి."

సిగ్గుతో వెళ్లి ఆయన నిలబడే గోడ దగ్గర నిలబడ్డాను. "నువ్వే చెప్పన్నా," అన్నాను.

ఆయన మెల్లగా కొవ్వు ఒలిచాడు. చిక్కుడు గింజంత గ్రంథి బయటపడింది.

"ఇగో, ఇది ఎడమ దిక్కుది. మేకకు పొట్ట పెద్దగై ఎడమ గుర్దాను అవుతలికి నూకుతది. గుర్దా జరుగుతది గని, గిది జరగది." దాన్ని అడ్డంగా కోశాడు. "రెండు రంగులు కనవడ్డయా? పైది, లోపలిది ఒక్కకాడ పుట్టలే. పిండంల పైది గుర్దా పక్కపొంటి పుడ్తది. లోపలిది నరాలు పుట్టేకాడికెళ్లి, వీపు దిక్కుకెళ్లి వస్తది. సొరచేపలల్ల రెండు యేరే ఉంటయి. మేకల, మనుషులల్ల పైది లోపలిదాన్ని కడుపుల దాసుకుంటది."

 నేను ఏటా పది పేజీలు చదివించిన సంగతిని ఆయన చేతులతో చూపిస్తున్నాడు. ఇన్నేళ్లు ఈ మనిషిని గోడకు అంటించి ఉంచానే అని నాకు ఏడుపొచ్చింది.

ముందు బెంచీలోంచి వేదిక అనే అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, లోపలిది అంత దూరం నుంచి తొవ్వ ఎట్ల గుర్తు పడ్తది?"

యిర్మియన్న చటుక్కున కత్తి కింద పెట్టి బల్ల దగ్గర నుంచి పక్కకు జరిగాడు. ఏ సారొచ్చాడోనని తలుపు వైపు తిరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.