బండ మీద గుర్రం

కాగజ్‌నగర్‌లో బస్సెక్కి తూర్పుకు పోతే, తారురోడ్డు ఓపిక అయిపోయి ఆగిపోయే చోట నందిరేవు వస్తుంది. దాని తర్వాత ఊరు లేదు, ప్రాణహిత నదే. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. నందిరేవులో రాజేశం అని ఒక బెస్తాయన ఉన్నాడు. ఆయన వల వేస్తే చేపల కంటే నాచు ఎక్కువ పడుతుంది. మాట వేస్తే మాత్రం ఒక్కరూ తప్పించుకోలేరు.

ఆయన కథల్లో పెద్దది ఇది. ఒక ఏడు వరదలో టేకు దుంగ మీదెక్కి నిలబడ్డాడట. చుట్ట ముట్టించాడట. చుట్ట ఆరేలోపు కాళేశ్వరం వచ్చిందట. దిగి, దేవుడికి దండం పెట్టుకుని, తడిబట్టలతోనే బస్సెక్కితే కండక్టర్ టికెట్ కొట్టలేదట, "గంగల నుంచి వచ్చినోనికి టికెట్ ఏంది" అని. దారిలో ఒక మొసలి ఎదురుపడి పక్కకు జరిగిందన్న ముక్క మొదట్లో ఉండేది కాదు. అది మరుసటి ఏడు చేరింది. ఆ పై ఏటికి మొసలి తలకాయ కూడా వంచింది.

నందిరేవు నవ్వేది. నవ్వుతూనే కూర్చుని వినేది. ఎందుకంటే రాజేశానికి ఊళ్లో ఇంకెవరికీ లేని హక్కు ఒకటుంది. గుర్రం మాట చెప్పే హక్కు.

గుర్రమంటే నాలుగు కాళ్లది కాదు. ఒడ్డు నుంచి నది నడుమ దాకా నల్లటి రాతిబండ ఒకటి నీళ్లకు అడ్డంగా పడి ఉంటుంది. ఎండకాలం దాని మీద బట్టలు ఆరేస్తారు. వానాకాలం నీళ్లు దాని మీదికెక్కి, అవతల దూకి, దూకిన వేగానికి వెనక్కి తిరిగి నిలువెత్తున లేస్తాయి. నదంతా పారిపోతుంటే ఆ అల ఒక్కటే ఉన్నచోట నిలబడి, తెల్ల జూలు విదిలిస్తూ సకిలిస్తుంది. ఆ సకిలింపుకు మూడూళ్ల అవతల పుట్టుచెవిటి ముసలమ్మ కూడా "ఎవలది" అంటూ లేచి కూర్చుంటుంది.

ఎగువ అడవుల్లో వాన దంచితే వరదలో దుంగలు కొట్టుకొస్తాయి. టేకు, మద్ది, ఒక్కోసారి ఎవరి కొంపదో దూలం. గుర్రం నిలబడి ఉంటే దుంగ దాని మీదెక్కి, ఎగిరి, బండ పక్కనున్న మడుగులో పడి, దిమ్మ తిరిగినట్టు కాసేపు అక్కడే తిరుగుతుంది. ఆ కాసేపట్లో నడుముకు ఎండు సొరబుర్రలు కట్టుకుని ఈదిపోయి కొక్కెం దిగగొట్టాలి. కొక్కేనికి కట్టిన మోకును ఒడ్డు మీదివాళ్లు లాగుతారు. నందిరేవులో తలుపులు, దూలాలు, మంచాలు, నాగళ్లు అన్నీ అట్లా వచ్చినవే. ఆ కట్టె సర్కారుదని అడవి జవాన్లు అంటారు. గంగమ్మ ఇచ్చిందని ఊరంటుంది.

నీళ్లు మరీ ఎక్కువైతే గుర్రం పడుకుంటుంది. అప్పుడు చప్పుడుండదు. నది నూనె పోసినట్టు నున్నగా కనిపిస్తుంది. కొత్తవాడైతే దిగడానికి ఇదే మంచి అదను అనుకుంటాడు. కింద మాత్రం నీళ్లు సుడులు తిరుగుతూ బండ కడుపులోకే లాగుతుంటాయి. అందులో పోయినదాన్ని నది ఇవ్వాలనుకున్నప్పుడే ఇస్తుంది.

కాబట్టి గుర్రం పొద్దుగూకేదాకా నిలబడే ఉంటుందా, నడుమనే పడుకుంటుందా అన్నది తెల్లవారగానే ఒకరు చూసి చెప్పాలి. రాజేశం తాత చెప్పాడు, తండ్రి చెప్పాడు, ఇప్పుడు రాజేశం. దీనికొక కట్టుబాటు ఉంది. దిగమన్నవాడే ముందు దిగాలి. వాడు దుంగ పట్టి ఒడ్డుకొస్తే మాట నిజమైనట్టే. ఆ తర్వాత దిగినవాళ్లలో ఎవరికేమైనా మాట చెప్పినవాడి మీద నింద లేదు.

ఎగువన రెండు నదులు కలిసి ప్రాణహిత అవుతుంది. నల్లనీళ్లు వార్ధావి, ఎర్రనీళ్లు వైన్‌గంగవి అని బెస్తోళ్ల లెక్క. ఒకదాని నీళ్లొస్తే గుర్రం లేస్తుంది. రెండూ కలిసొస్తే పడుకుంటుంది. ఎర్రనీళ్ల కంటే ముందు వాటి నురుగు వస్తుంది. ఒడ్డున రాతి గుంటల్లో కుంకుమ కలిపిన మజ్జిగలా పేరుకుంటుంది. అది కనిపిస్తే ఎంత అందంగా సకిలిస్తున్న గుర్రమైనా మధ్యాహ్నానికి పడుకుంటుందని అర్థం.

అయితే ఎగువన ఎవరో ఆనకట్టల గేట్లు ఎత్తడం, దించడం మొదలయ్యాక నది బుద్ధి రాజేశానికి సరిగ్గా అందడం మానేసింది. తప్పు చెప్పడం కంటే చెప్పకపోవడం మేలనుకున్నాడు. ఏ పొద్దున అడిగినా "ఇయ్యాల వద్దు, రేపు చూద్దాం" అనేవాడు. ఊళ్లో రేపు రాజేశం అని పేరు పడింది. నందిరేవు వదిలేసిన దుంగలను దిగువ ఊరివాళ్లు పట్టుకుని ఇళ్లకు తలుపులు పెట్టుకున్నారు. పెట్టుకోవడమే కాదు, సంతలో కనిపిస్తే "మీ దయ" అని దండం కూడా పెట్టారు.

ఆ దండాలకు అందరికంటే ఎక్కువ మండింది నిరంజన్‌కు. వాడు రాజేశం చెల్లెలు బుచ్చవ్వ కొడుకు, అంటే సొంత మేనల్లుడు. బెల్లంపల్లి దగ్గర బొగ్గు గనిలో కాంట్రాక్టు పని పోయి ఇంటికొచ్చాడు. పని లేదు, కండ ఉంది, చేతిలో ఫోనుంది. హనుమండ్లు చాయ హోటల్ ముందు మామ కనిపిస్తే చాలు, వదిలేవాడు కాదు.

"మామా, గుర్రం లేసిందా, నీ పక్కల్నే పండుకున్నదా?"

"నీ అయ్య పుట్టకముందు సంది చూస్తున్నరా నేను గుర్రాన్ని."

"చూసుడు సరే. ఎక్కుడు ఎప్పుడు?"

హనుమండ్లు గిన్నెలో చాయ తిప్పుతూ అందుకున్నాడు. "ఎక్కుతడు తియ్. చుట్ట దొర్కుతలేదు, గంతే."

హోటలంతా నవ్వింది. నిరంజన్ ఫోను తీసి మామ ముక్కు కింద పెట్టాడు. "గిది చూడు. చంద్రపూర్‌ల వాన, గడ్చిరోలిల మబ్బు. గీ డబ్బా చెప్పినంత గూడ చెప్తలేవు నువ్వు."

"మంచిది. అయితే ముందు దాన్నే దింపు గంగల. చెప్పినోడే దిగాలె గద."

ఈసారి నవ్వు రాజేశం పక్షాన నిలిచింది. ఒక్క క్షణమే. బల్ల చివర కూర్చున్న కులపెద్ద అంతయ్య నవ్వలేదు. చాయ తాగి గ్లాసు బోర్లించి అన్నాడు. "రాజేశం, మీ నాయిన మాటకు ఊరు దిగింది. నీ మాటకు ఊరు ఒడ్డున కూసుంటున్నది. రేపు గూడ వద్దంటే, మాట ఈ పోరనికి ఇస్తం. ఇగ పరేషాన్ కాకు, ఇంట్ల పండుకో."

ఇంటికెళ్తే భార్య బాలలక్ష్మి జాలిపడే మనిషి కాదు. తడకను తలుపుగా కట్టిన దొడ్డి చూపించి, "దుంగ తేకపోతే పాయె. నీకు తెల్సిన మొసలి ఉన్నది గద, దాన్నన్న తోల్కరా. తలుపుకాడ కట్టేస్త" అంది.

రాజేశం అన్నం ముందు కూర్చున్నాడు. వల సంగతి ఆయనకు తెలుసు. పొలం లేదని తెలుసు. ఊళ్లో తను నిలబడింది ఆ ఒక్క హక్కు మీదే. అది ఉన్నన్నాళ్లు తను చెప్పేవి కథలు. అది పోయిన పొద్దున అవన్నీ అబద్ధాలైపోతాయి.

తెల్లవారేసరికి గుర్రం లేచి ఉంది. ఏ ఏడూ లేవనంత అందంగా, మెడ ఎత్తి, జూలు ఎగరేస్తూ. నీళ్లు కారునలుపు. దుంగలు ఒకదాని వెంట ఒకటి దాని మీదికెక్కి దూకుతున్నాయి. రాజేశానికి ఏడుపొచ్చినంత పనైంది. ఒడ్డు వెంట వంగి రాతి గుంటలు చూసుకుంటూ నడిచాడు. అన్నీ శుభ్రం. చివరి గుంటలో మాత్రం అరచేతి వెడల్పున నురుగు ఉంది. ఎర్రగా.

వెనక ఊరు దిగి వస్తున్న మాటలు వినిపించాయి. అందరికంటే ముందు నిరంజన్ గొంతు. రాజేశం అటు తిరగకుండానే మడమతో ఆ నురుగును రాయికేసి రుద్దాడు. నల్లనీళ్లు వచ్చి గుంటను కడిగేశాయి.

ఆ తర్వాత చేసిందంతా ఆట. నీళ్లు దోసిట పట్టాడు, నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మాడు, ఆకాశం చూశాడు, కళ్లు మూసుకుని గుర్రం చప్పుడు విన్నాడు.

"దిగుండ్రి," అన్నాడు.

బుర్రలు కట్టుకుని ముందు తనే దూకాడు. భయం ఈతను మరింత మంచిగా నేర్పుతుంది కాబోలు, చేప కూడా సిగ్గుపడేట్టు ఈదాడు. గుర్రం మీంచి ఎగిరిపడ్డ టేకు దుంగ, ఇద్దరు కావిలించుకున్నా అందనిది, మడుగులో తిరుగుతుంటే ఒక్క దెబ్బకు కొక్కెం దిగగొట్టాడు. అంతటితో రాలేదు. దుంగ మీదెక్కాడు. మోకాళ్ల మీద లేచాడు. ఆ తర్వాత రెండు కాళ్ల మీద నిలబడ్డాడు. మోకు లాగుతుంటే దుంగ మీద నిలబడి చేతులు చాపి ఒడ్డుకొచ్చాడు. ఇన్నేళ్లు చెప్పిన కథ ఊరందరి కళ్ల ముందు జరిగింది. హనుమండ్లు నోరు తెరిచాడు, అందులోంచి వెటకారం రాలేదు. ఈలలు వేశారు. అంతయ్య తన తలరుమాలు తీసి రాజేశం తలకు చుట్టాడు.

"మామా, నిన్ను ఇన్నొద్దులు ఉత్తగ సతాయించిన," అన్నాడు నిరంజన్. వాడు నడుముకు నూనె డబ్బాలు కట్టుకుంటున్నాడు. సొరబుర్రలు పాతకాలపోళ్లవని వాడి లెక్క. "గిప్పుడు నా వంతు."

రాజేశం చెవి గుర్రం మీదే ఉంది. సకిలింపులో ఏదో తగ్గింది. ఒడ్డు మీద ఇంకెవరికీ వినిపించనంత తక్కువ. తల మీద రుమాలు వెచ్చగా ఉంది. దిగకురా అనాలని నోరు తెరిచాడు. అంటే ఎందుకని అడుగుతారు. ఇప్పుడే దిగమని ఇప్పుడే వద్దంటాడా అని నవ్వుతారు.

"జల్ది రా," అన్నాడు.

నిరంజన్ కొక్కెం నోట కరచుకుని దూకాడు. మడుగు దాకా బాగానే పోయాడు. ఒక మద్ది దుంగ వాడి ముందు తిరుగుతోంది. వాడు కొక్కెం ఎత్తే సమయానికి ఒడ్డు మీద అందరూ ఒక్కసారిగా తలలు తిప్పారు. చప్పుడు వల్ల కాదు, చప్పుడు ఆగిపోయినందుకు. గుర్రం మోకాళ్లు మడిచి పడుకుంది. దాని మీంచి ఎర్రటి నీళ్లు నున్నగా జారిపోతున్నాయి. మడుగు ఉన్న చోట మడుగు లేదు. నిరంజన్ ఉన్న చోట నిరంజన్ లేడు.

"గుంజుండ్రి," అని అంతయ్య అన్నాడు. గుంజారు. మోకు తేలిగ్గా వచ్చింది. చివర కొక్కెం ఒక్కటే ఉంది. కాసేపటికి నూనె డబ్బాలు తేలాయి, వాటిని కట్టిన తాడుతో సహా.

శవం దిగువన అవతలి ఒడ్డుకు చేరింది. అక్కడి చేపలవాళ్లు నాటుపడవలో వేసుకుని తెచ్చి, "తుమ్చా మాణూస్ కా?" అని అడిగారు. మీ మనిషేనా అని. ముఖం చూసి చెప్పే స్థితి లేదు. మొలతాడు చూసి బుచ్చవ్వ అవునంది.

దహనం అయ్యాక మగవాళ్లంతా బుచ్చవ్వ వాకిట్లో కూర్చున్నారు. కట్టుబాటు ప్రకారం అంతయ్య తీర్పు చెప్పాలి. "మాట చెప్పినోడు ముందు దిగిండు. దుంగతోని ఒడ్డెక్కిండు. మాట నిజమే. పోరడు బుర్రలు కట్టుకోక డబ్బాలు కట్టుకుండు. ఆలస్యం జేసిండు. రాజేశం మీద నింద లేదు." అందరూ తలలాడించారు. చనిపోయినవాడు అడ్డం మాట్లాడడు కదా, తప్పంతా వాడి మీద హాయిగా సర్దుకుంది.

రాజేశం లేచి చెల్లెలి ముందు కూర్చున్నాడు. "చెల్లె, నాకు ముందే తెల్సు. పొద్దుగాల ఎర్రనురుగు చూసిన. నా కాలితోని తుడిసేసిన."

హనుమండ్లు నేల చూస్తూ మెల్లగా అన్నాడు. "అయిపోయినంక అన్నీ తెలుస్తయే."

"నేను నిజం చెప్తున్న. గంగమ్మ మీద ఒట్టు."

"మొసలి తలకాయ వంచినప్పుడు గూడ గంగమ్మ మీదనే పెట్టినవ్ ఒట్టు," అన్నారెవరో. అది వెక్కిరింత కాదు, అలసట.

బుచ్చవ్వ ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన కళ్లతో అన్నను చూసింది. నమ్మితే బాగుండేది. నమ్మి గోళ్లతో ముఖం రక్కితే, ఊరంతా కలిసి తన్నితే ఇంకా బాగుండేది. ఆమె నమ్మలేదు.

"అన్నా, గిప్పుడు గూడ గొప్పలేనా? నా కొడుకు సావు గూడ అందరికన్న ముందు నీకే తెల్వాలెనా? జర లేసి ఇంటికి పో."

పోయాడు.

వాన మళ్లీ పట్టింది. ఒక పొద్దున గుర్రం మళ్లీ లేచింది. నీళ్లు నల్లగా ఉన్నాయి, రాతి గుంటలు శుభ్రంగా ఉన్నాయి, ఎటు చూసినా ఎరుపు లేదు. అంతయ్య మనిషిని పంపి రాజేశాన్ని పిలిపించాడు. ఊరు ఒడ్డున వరస కట్టి నిలబడి ఉంది. బుర్రలు, మోకులు, కొక్కేలు అన్నీ సిద్ధం. ఇంత మంచి పూట రాజేశం పుట్టాక రాలేదు.

"వద్దు," అన్నాడు.

ఎవరూ ఎందుకని అడగలేదు. బుర్రలు విప్పి పక్కన పెట్టి కూర్చున్నారు. ఒక్కొక్క దుంగా గుర్రం మీంచి ఎగిరి, మడుగులో తిరిగి తిరిగి, దిగువకు పోయింది. అట్లా పొద్దుగూకే దాకా ఊరికి ఊరే కట్టుకోగలిగినంత కట్టె పోయింది. గుర్రం ఒక్కసారి కూడా తల దించలేదు. ఎవరో ఒకరు నవ్వుతారని, ఒక్క మాట విసురుతారని రాజేశం ఆశగా ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. హనుమండ్లు తల వంచుకున్నాడు. అంతయ్య తడిరాయి మీద తన తువ్వాలు పరిచి, "కూసో రాజేశం," అన్నాడు.